హవాయి కొండల మీది పిట్టల కోసం: అమెరికా తెలుగు సంఘాలకు ఒక బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల పెద్దలకు, కార్యవర్గ సభ్యులకు, సెలవులకు హవాయి బయల్దేరుతున్న తెలుగు కుటుంబాలకు నమస్కారం.

నేను మౌయి దీవిలో ఉంటున్న తెలుగు మనిషిని. వీలు చిక్కినప్పుడల్లా హలెయాకలా కొండ వాలుల్లో మొక్కలు నాటేవాళ్లతో కలిసి వెళ్తుంటాను. శాస్త్రవేత్తను కాను, ఏ సంస్థ తరఫునా రాయడం లేదు. ఈ దీవుల అడవుల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేని చిన్న చిన్న పాటల పిట్టలు మన కాలంలోనే, మన కళ్ల ముందే పోతున్నాయి. వాటిని చంపుతున్నది ఒక దోమ. ఆ దోమను అడ్డుకునే పని కూడా ఇప్పుడే నడుస్తోంది. ఆ పనికి మీ అండ కావాలి. అడగడానికే ఈ ఉత్తరం.

హవాయి అనగానే మనవాళ్లకు వైకీకీ ఇసుక, హానా రోడ్డు మలుపులు, 'బిగ్ ఐలాండ్' అనే పెద్ద దీవిలో అగ్నిపర్వతం, కవాయి దీవిలో ఇరైవన్ కోవెల గుర్తుకొస్తాయి. హోనలూలులో దిగి ఏ పార్కులోకి నడిచినా గోరింకలు ఎదురొస్తాయి. ఒవాహులో కంచెల మీద, కరెంటు తీగల మీద పిగిలిపిట్టలు. కవాయిలో పొద్దుగూకే వేళకు చిలకల గుంపులు అరుచుకుంటూ చెట్లకు చేరతాయి. "అరె, అన్నీ మన పిట్టలే!" అని ఫొటోలు తీసి ఇంటికి పంపుతారు. అవును, మన వైపు పిట్టలే. పైర్లు తినే పురుగుల్ని ఏరుకు తింటాయని గోరింకల్ని 1860లలో ఇండియా నుంచి తెప్పించారు. పిగిలిపిట్టలు, చిలకలు ఆ తర్వాత వందేళ్లకు పంజరాల నుంచి బయటపడి పెరిగాయి. చెరకు తోటల్లో ఎలుకల్ని చంపుతుందని 1883లో తోటల యజమానులు ముంగిసను తెచ్చి వదిలారు. దాన్ని తెచ్చింది జమైకా నుంచి, జమైకాకు అది చేరింది కలకత్తా నుంచి. ఎలుక రాత్రి తిరుగుతుంది, ముంగిస పగలు తిరుగుతుంది, ఎలుకలు ఎక్కడికీ పోలేదు. నేల మీద గుడ్లు పెట్టే పక్షులు మాత్రం ముంగిస నోట పడ్డాయి. మన అడవుల చుక్కల దుప్పి కూడా ఇక్కడుంది. 1860ల చివర్లో హాంకాంగ్ నుంచి అయిదో కమెహమెహా రాజుకు కానుకగా వచ్చిన ఆ మంద సంతానం ఇప్పుడు మౌయిలో మేము నాటిన మొక్కల్ని మొదలంటా మేసేస్తోంది.

అంటే తీరంలో తిరిగి వెళ్లే యాత్రికుడికి కనపడే పిట్టల్లో చాలా భాగం బయటినుంచి వచ్చినవే. ఈ నేల సొంత పిట్టలు కొండల పైన, మబ్బులు ఆనే అడవుల్లో మిగిలాయి. చాలామంది హవాయికి రెండుమూడుసార్లు వచ్చి కూడా వాటిలో ఒక్కదాన్నీ చూడకుండానే విమానం ఎక్కేస్తారు.

వాటిని హనీక్రీపర్లు అంటారు. యాభై అరవై లక్షల ఏళ్ల కిందట ఆసియా నుంచి ఈ మహాసముద్రం మధ్యకు ఎలాగో వచ్చి పడిన పిచ్చుకంత పిట్టల గుంపు ఒకటి వీటికి మూలం. ఆ ఒక్క గుంపు నుంచి యాభైకి పైగా జాతులు పుట్టాయి. ఒక్కొక్కటీ ఒక్కో తిండికి తగ్గట్టు ముక్కును మలుచుకుంది. ఇఇవి అనే పిట్ట ఒళ్లంతా కుంకుమ ఎరుపు, రెక్కలు నలుపు, ముక్కు కొడవలిలా వంగి ఉంటుంది. పొడవాటి గొట్టంలాంటి లొబీలియా పూలలోకి ఆ వంపు సరిగ్గా దిగుతుంది, పుప్పొడిని ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు మోస్తుంది. కివికియు ముక్కు చిలక ముక్కులా ఉంటుంది, దాంతో కొమ్మల్ని చీల్చి లోపలి పురుగుల్ని లాగుతుంది. అకియపోలాఉ అనే పిట్టకు కింది ముక్కు పొట్టిగా, సూటిగా ఉండి ఉలిలా పనిచేస్తుంది, పై ముక్కు సన్నగా వంగి కొక్కెంలా పనిచేస్తుంది. వడ్రంగిపిట్టలు లేని ఈ దీవుల్లో ఆ పని చేసేది ఇదే. అకికికి బూడిదరంగు పిట్ట, చూపుకు సాదాగా ఉంటుంది. మానుల మీద ఎక్కుతూ దిగుతూ నాచులో దాగిన పురుగుల్ని ఏరుకుంటుంది. నాకు వీటన్నిటిలోనూ అదంటేనే ఎక్కువ ఇష్టం. రంగులున్న పిట్టకు అభిమానులు ఎలాగూ ఉంటారు.

హవాయి ప్రజలకు ఇవి ఉత్త పిట్టలు కావు. వీటి ఈకల్ని వేలాదిగా కూర్చి రాజులకు, నాయకులకు ఎరుపు, పసుపు అంగీలు కుట్టేవారు. 1779లో కలానిఓపుఉ అనే రాజు తన ఒంటి మీది ఈకల అంగీని తీసి కెప్టెన్ కుక్ భుజాల మీద కప్పాడు. ఆ అంగీ ఎన్నో చేతులు మారి, న్యూజిలాండ్ మ్యూజియం నుంచి 2016లో హోనలూలుకు తిరిగొచ్చింది. అంగీ అయితే తిరిగొచ్చింది గానీ, పసుపు ఈకలిచ్చిన మామో పిట్ట పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికే పోయింది.

యాభైకి పైగా ఉన్న ఆ హనీక్రీపర్లలో ఈనాడు మిగిలినవి 17. అమెరికా వన్యప్రాణి శాఖ 2023 అక్టోబరులో అంతరించినట్టు ప్రకటించిన 21 జీవజాతుల్లో ఎనిమిది హవాయి పిట్టలే. వాటిలో కవాయి ఓఓ ఒకటి. దాని గొంతు చివరిసారి వినబడింది 1987లో. మౌయికి చెందిన పోఓఉలి ఇంకొకటి. అలాంటి పిట్ట ఒకటుందని తెలిసిందే 1973లో. ఇక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థులు హలెయాకలా వాలుల్లో తిరుగుతుంటే కంటబడింది. చివరి పిట్టల్లో ఒకదాన్ని పట్టి తెచ్చి, జతను కూడా తేవాలని చూశారు. జత దొరక్క ముందే, 2004 నవంబరులో అది చనిపోయింది. దాని ఉనికి లోకానికి తెలిశాక ముప్ఫై ఒక్క ఏళ్లు బతికిందన్నమాట ఆ జాతి.

ఇక దోమ సంగతి.

1826కు ముందు హవాయిలో దోమే లేదు. ఆ ఏడాది మెక్సికో నుంచి వచ్చిన వెల్లింగ్టన్ అనే ఓడ ఇదే మౌయిలోని లహైనా దగ్గర ఆగి, నిలవ నీళ్ల పీపాలు ఒలకబోసి కొత్త నీళ్లు నింపుకుందని, ఆ పాత నీళ్లలోని లార్వాలతోనే దోమ ఇక్కడ అడుగుపెట్టిందని చెబుతారు. ఆ దోమ పేరు క్యూలెక్స్ క్వింక్విఫేసియేటస్. పేరు నోరు తిరగకపోవచ్చు గానీ మనిషికి పరిచయమైనదే. గోదావరి జిల్లాల్లో పెరిగినవాళ్లకు బోదకాలు గురించి నేను చెప్పక్కర్లేదు. మురుక్కాలవల్లో పుట్టి, చీకటి పడ్డాక కుట్టి, బోదకాలు పురుగును ఒకరి ఒంట్లోంచి ఇంకొకరి ఒంట్లోకి చేర్చే దోమ ఇదే. రాత్రిపూట ఫైలేరియా వాళ్లు ఇంటింటికీ వచ్చి వేలు గుచ్చి రక్తం తీసుకెళ్లిన రోజులు మన పెద్దవాళ్లకు గుర్తే. మా నాయనమ్మ జీవితాంతం ఆ కాలుతోనే నడిచింది. కాబట్టి ఈ దోమ మీద నాకున్న కోపం పిట్టల వల్ల మాత్రమే పుట్టింది కాదు.

ఇక్కడ అది మనుషులకు బోదకాలు తేలేదు, పిట్టలకు మలేరియా తెచ్చింది. పక్షుల మలేరియా క్రిమి వేరు, అది మనుషులకు సోకదు. బయటినుంచి తెచ్చిన పక్షుల రక్తంలో ఇరవయ్యో శతాబ్దం తొలి భాగంలో అది ఇక్కడికి చేరింది, మోయడానికి దోమ అప్పటికే సిద్ధంగా ఉంది. మన దగ్గరి పిచ్చుకలు, గోరింకలు తరతరాలుగా దాన్ని ఓర్చుకుంటూ వచ్చాయి. దోమే ఎరగని దీవిలో లక్షల ఏళ్లు బతికిన పిట్టలకు ఆ ఓర్పు లేదు. ప్రయోగశాలలో ఇఇవి పిట్టలకు రోగం మోసే దోమతో ఒక్కసారి కుట్టిస్తే పదింట తొమ్మిది చనిపోయాయి. ఒక్కసారి కుడితేనే.

ఇప్పుడు నేను చెప్పబోయేది మన సంఘాల వాళ్లు ప్రత్యేకంగా వినాలి. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడన్నది మన పిల్లలు కూడా చదువుకున్న సంగతే. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత ఏం జరిగిందో తక్కువమందికి తెలుసు. రాస్ ఆ పనిని సికింద్రాబాదులో ముగించలేకపోయాడు. మరుసటి ఏడు కలకత్తా వెళ్లాక మలేరియా రోగులు తగినంతగా దొరక్క, పక్షుల మలేరియా మీద పడ్డాడు. రోగమున్న పిట్టల్ని దోమలతో కుట్టించి, ఆ దోమల లాలాజల గ్రంథుల్లో క్రిమిని పట్టుకుని, అవే దోమలతో ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకల్ని కుట్టించి రోగం తెప్పించాడు. దోమకాటుతోనే మలేరియా పాకుతుందని మొదలు నుంచి చివరిదాకా రుజువైంది అక్కడ, 1898 జులైలో. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన వాడిన బూడిదరంగు దోమ ఈ క్యూలెక్స్ దోమే. ఆయన చూసిన పక్షుల మలేరియా క్రిమి ఇప్పుడు హవాయి పిట్టల్ని చంపుతున్నదే.

బేగంపేటలో మొదలై కలకత్తాలో తేలిన ఆ నిజం ఇవాళ ఈ కొండల మీద అక్షరాలా జరుగుతోంది. ఇన్ని సంఘాలుండగా మీకే ఎందుకు రాస్తున్నానని అడిగితే ఇదే నా జవాబు.

ఇన్నేళ్లూ ఈ పిట్టలు ఎలా మిగిలాయంటే చలి వల్ల. 13 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే దోమ ఒంట్లో మలేరియా క్రిమి పెరగదు. దోమకూ ఆ చలి పడదు. సుమారు 1,500 మీటర్ల పైన ఉన్న అడవి అందుకే ఆశ్రయంగా నిలిచింది. కింది అడవులు ఖాళీ అయ్యాయి, పై అడవుల్లో పాట వినబడుతూ ఉండేది. వాతావరణం వేడెక్కుతున్నకొద్దీ దోమ ఏడాదికింత చొప్పున పైకి ఎక్కుతోంది. దానికి తోడు అడవి పందులు. ఇవి చెట్టంత పెరిగే ఫెర్నుల మొదళ్లను కొరికి, లోపలి పిండిని తిని దొప్పల్లా చేసి వదిలేస్తాయి. వానకు ఆ దొప్పల్లో నీళ్లు నిలుస్తాయి. వాగులు, కుంటలు లేని చోట కూడా దోమ గుడ్లు పెట్టుకోవడానికి అదో ఏర్పాటు. కంచెలు కట్టి పందుల్ని బయట పెట్టిన చోట అడవి ఎంత తేడాగా ఉంటుందో నేను నా కళ్లతో చూశాను. పెద్ద దీవిలో 1985లో ఏర్పడ్డ హకలావు వన్యప్రాణి అభయారణ్యం దీనికి మంచి సాక్ష్యం. కానీ కంచె పందిని ఆపుతుంది గానీ దోమను ఆపలేదు.

పెద్ద దీవి కొండలు నాలుగు వేల మీటర్లు దాటతాయి, అక్కడి పిట్టలకు ఇంకొంచెం పైకి వెళ్లే చోటుంది. మౌయికి ఆ వెసులుబాటు తక్కువ. కవాయికి అసలే లేదు. ఆ దీవిలో ఎత్తైన శిఖరమే 1,600 మీటర్లకు రెండు మీటర్లు తక్కువ. పిట్టలుండే అలకాయి పీఠభూమి ఇంకా కిందే. దోమ అక్కడికి ఎక్కేసింది. అకికికి కవాయి అడవిలో పుట్టిన పిట్ట. 2023లో లెక్కచూస్తే అడవిలో మిగిలినవి అయిదు. అయిదు వందలు కాదు, అయిదు. గుడ్లు తెచ్చి పొదిగించి పెంచిన కొన్ని పిట్టలు మౌయిలో, పెద్ద దీవిలో ఉన్న సంరక్షణ కేంద్రాల్లో బతుకుతున్నాయి. 2023 ఆగస్టు 8న లహైనా తగలబడి వంద మందికి పైగా ప్రాణాలు పోయిన రోజే, ఓలిండాలో ఉన్న ఆ మౌయి కేంద్రం కంచె దాకా కూడా మంటలు వచ్చాయి. అక్కడి సిబ్బంది, పక్కింటివాళ్లు తోట నీళ్ల గొట్టాలతో, మంటలార్పే సిలిండర్లతో వాటిని ఆపారు. ఆ రాత్రి గాలి మరికొంచెం అటు తిరిగి ఉంటే ఒక జాతిలో మిగిలిన పిట్టల్లో పెద్ద భాగం గంటలో పోయేది. ఒక జాతి బతుకు రెండు భవనాల మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో అప్పుడు అందరికీ అర్థమైంది.

మౌయిలోని కివికియు సంగతీ అంతే. మిగిలినవి నూట యాభై లోపు. 2019లో వాటిని హలెయాకలా కొండకు రెండో వైపున నాకులా అనే చోట స్థిరపరచాలని ఏళ్ల తరబడి చెట్లు నాటి, కంచెలు వేసి, పద్నాలుగు పిట్టల్ని తీసుకెళ్లారు. ఏడు అడవిలో పట్టినవి, ఏడు పెంపకంలో ఉన్నవి. అక్కడికి దోమ అప్పటికే చేరింది. కొద్ది వారాల్లో దాదాపు అన్నీ మలేరియాతో పోయాయి, విడిచిపెట్టక ముందే పంజరాల్లో పోయినవి కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి 2021లో బతికి కనిపించడం ఒక్కటే ఆ కథలో ఊరట. అప్పటి నుంచి ఇక్కడ పనిచేసేవాళ్లందరిదీ ఒకటే మాట: ముందు దోమ, ఆ తర్వాతే ఏదైనా.

ఆ దోమ మీద జరుగుతున్న పని ఇది. వోల్బాకియా అని ఒక బాక్టీరియా ఉంది. లోకంలోని పురుగుల్లో సగానికి సగం జాతుల ఒంట్లో అది సహజంగానే ఉంటుంది, ఈ క్యూలెక్స్ దోమలోనూ ఉంది. ఇక్కడి దోమల్లో ఉన్న రకం ఒకటైతే, ప్రయోగశాలలో పెంచే మగ దోమల్లో వేరే రకం ఉండేలా చూస్తారు. ఆ మగ దోమ అడవిలోని ఆడ దోమతో కలిస్తే గుడ్లు పొదగవు. మళ్లీ మళ్లీ, అడవి మగ దోమలకంటే ఎక్కువ సంఖ్యలో వదులుతూ పోతే దోమల సంఖ్య పడిపోతుంది. 2023 నవంబరులో మౌయి తూర్పు అడవుల్లో హెలికాప్టర్ల నుంచి వదలడం మొదలుపెట్టారు, వారానికి లక్షల్లో. ఆ తర్వాత కవాయిలోనూ మొదలైంది. 2025 నుంచి డ్రోన్లు కూడా వాడుతున్నారు. నేలలో కరిగిపోయే చిన్న బుట్టల్లో దోమల్ని పెట్టి లోయల్లోకి జారవిడుస్తున్నారు. రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వ శాఖలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి 'బర్డ్స్, నాట్ మస్కిటోస్' అనే పేరుతో ఈ పని చేస్తున్నాయి.

దీని గురించి కొన్ని పుకార్లు మన గ్రూపుల్లోనూ తిరుగుతున్నాయి గనుక చెప్పి తీరాలి. "కోట్ల దోమల్ని మన మీద వదులుతున్నారు", "జన్యువులు మార్చిన దోమలు" అని వీడియోలు వస్తున్నాయి. వదిలేవి మగ దోమలు. మగ దోమ కుట్టదు, రక్తం తాగే నోరే దానికి లేదు. వాటి జన్యువుల్ని మార్చలేదు. ఈ దోమ హవాయిది కాదు, దీన్నే నమ్ముకుని బతికే పిట్టగానీ చేపగానీ ఇక్కడ లేదు, ఇది తగ్గితే అడవికి వచ్చే నష్టం లేదు. అలాగని ఇది ఒక్కసారితో అయిపోయే మందు కూడా కాదు. ఆపేస్తే దోమ మళ్లీ పెరుగుతుంది. ఏళ్ల పాటు డబ్బు, ఓపిక పెట్టాల్సిన పని. ఈ లోపాన్ని దాచి ఒప్పించడం నాకు ఇష్టం లేదు.

పుకారు ఎంత పని చేస్తుందో మన దేశానికి బాగా తెలుసు. 1970లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన వైద్య పరిశోధన మండలి కలిసి ఢిల్లీ దగ్గర దోమల నియంత్రణ మీద పెద్ద పరిశోధన చేపట్టాయి. సరిగ్గా ఈ క్యూలెక్స్ దోమ మీద కూడా, ఇలా మగ దోమల్ని వదిలే పద్ధతిలోనే. అమెరికా డబ్బుతో నడిచేది గనుక అది జీవాయుధాల కోసమేనని పత్రికల్లో, పార్లమెంటులో అనుమానాలు లేచాయి. 1975లో అది ఆగిపోయింది. అప్పటి రోజుల్లో ఆ అనుమానం పూర్తిగా అకారణమని నేను అనను, ప్రజలకు ముందే అన్నీ విప్పి చెప్పకపోతే అలాగే అవుతుంది. ఇక్కడ మాత్రం పత్రాలన్నీ బహిరంగంగా పెట్టారు, ప్రజాభిప్రాయం అడిగారు, కోర్టులో కూడా వాదనలు నడిచాయి. కాబట్టి అలాంటి వీడియో మీ సంఘం గ్రూపులో కనిపిస్తే ముందుకు పంపకండి. తెలిసినవాళ్లు ఒకరు అక్కడే నాలుగు ముక్కలు జవాబు రాస్తే అంతకంటే సాయం లేదు.

ఇక నేను మీ దగ్గరికి వచ్చిన పని.

ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతారు, సికింద్రాబాదులో రాస్ చేసిన పనికి గుర్తుగా. అది మన ఊరి తేదీ. ఆ వారంలో ప్రతి తెలుగు సంఘం ఒక్క కార్యక్రమం ఈ పిట్టల కోసం పెట్టండి. పిల్లల తెలుగు బడుల్లో చెప్పించండి. సికింద్రాబాదు, కలకత్తా, హవాయి మూడూ కలిసే ఈ కథ పిల్లలు నోరు తెరుచుకుని వింటారు, నేను చెప్పి చూశాను. మీ పెద్ద మహాసభల్లో సినిమా తారలకు, కచేరీలకు ఎంతో చోటుంటుంది. నాకూ అవి ఇష్టమే. అందులో ఒక గంట ఈ విషయానికి ఇవ్వండి. అక్కడ పోగైన చందాలో కొంత కవాయి, మౌయి దీవుల ఫారెస్ట్ బర్డ్ రికవరీ ప్రాజెక్టులకు పంపండి. అడవిలో వానలో నానుతూ గూళ్లు వెతికేది వాళ్లే. చిన్న బృందాలు, మీ వెయ్యి డాలర్లు వాళ్లకు లెక్కలోకి వచ్చే డబ్బు.

ఓటు హక్కున్నవాళ్లు మీ కాంగ్రెస్ సభ్యుడికి ఒక ఉత్తరం రాయండి. మీరుండేది టెక్సాస్ అయినా న్యూజెర్సీ అయినా సరే. ఈ పనికి వచ్చే డబ్బులో పెద్ద భాగం కేంద్ర నిధులే, అవి ఏ ఏటికి ఆ ఏడు తేలాల్సిందే. హవాయి నుంచి అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, బయటి రాష్ట్రాల నుంచి అడిగితే వినేవాళ్ల చెవికి వేరుగా తగులుతుంది.

హవాయి వచ్చే కుటుంబాలకు నా మనవి వేరు. ఓహియా అని ఇక్కడ ఒక చెట్టుంది. లావా చల్లారిన బండ మీద మొదట మొలిచే చెట్లలో అదొకటి, ఇఇవి, అపపానె పిట్టలు తేనె తాగే ఎర్రటి లెహువా పూలు దానివే. 2014లో దాన్ని చంపుతున్న బూజు తెగులును గుర్తించారు. పచ్చగా ఉన్న చెట్టు కొద్ది రోజుల్లోనే ఆకులు మాడి నిలువునా ఎండిపోతుంది. పెద్ద దీవిలో పది లక్షలకు పైగా చెట్లు అలా పోయాయి. మట్టితో, పనిముట్లతో, చెప్పులతో ఆ తెగులు పాకుతుంది. దారి మొదట్లో బ్రష్షులు పెట్టి ఉంటాయి. దయచేసి వాటిని దాటుకుని పోకండి. బూట్ల అడుగు మట్టి రుద్ది వదిలించి, డెబ్బై శాతం ఆల్కహాల్ చల్లుకుని అడవిలోకి రండి. ఒక దీవి నుంచి ఇంకో దీవికి వెళ్లే ముందు కూడా అలాగే చేయండి. దారి వదిలి కొమ్మల్ని విరవకండి, చెట్టు బెరడుకు తగిలిన గాయంలోంచే తెగులు లోపలికి పోతుంది. పూలంటే మనకున్న మక్కువ నాకు తెలుసు. లెహువా పువ్వును మాత్రం చెట్టునే ఉండనివ్వండి.

మౌయికి వస్తే హలెయాకలా సూర్యోదయం చూడటానికి తెల్లవారుజామున మూడింటికే లేస్తారు. సూర్యుడు వచ్చాక అందరూ టిఫిన్ కోసం కిందికి పరుగు తీస్తారు. పార్కు ప్రవేశానికి దగ్గర్లోనే, దిగే దారి పక్కనే హాస్మర్ గ్రోవ్ ఉంది. అరగంట నడక. అక్కడ నిలబడి మాటలు తగ్గిస్తే అపపానె తప్పక వినిపిస్తుంది, అదృష్టం బాగుంటే ఇఇవి కనిపిస్తుంది. దాని రెక్కల చప్పుడు కూడా చెవికి తెలుస్తుంది. ఫోనులో పిట్టల కూతలు మోగించి వాటిని పిలవకండి, గూడు మీదున్న పిట్టకు అది ఉత్త బెదురు. పెద్ద దీవి అగ్నిపర్వతాల పార్కుకు వెళ్లినవాళ్లు కీపుకా పువాఉలు అనే చోట ఆగండి. చుట్టూ లావా పారినా మధ్యలో మిగిలిన పాత అడవి ముక్క అది. కవాయిలో ఇరైవన్ కోవెలకు వెళ్లి దర్శనం చేసుకున్న రోజే, లేదా మర్నాడు, కొకెఎ అడవికి కూడా వెళ్లండి. అలకాయి అంచులో నిలబడండి. అకికికి కనపడదు, ఆ ఆశ పెట్టుకోకండి. అయినా దాని అడవిని చూసి వెళ్లండి. చూసినవాళ్లు ఇంటికి వెళ్లాక ఎవరికో ఒకరికి చెబుతారు, నాకు అది చాలు.

సంఘాల వాళ్లకు ఇంకో మాట. ఈ విషయాలన్నీ కలిపి హవాయి యాత్రికుల కోసం తెలుగులో ఒక పేజీ తయారుచేసి ఇవ్వడానికి నేను సిద్ధం. బూట్లు ఎక్కడ కడుక్కోవాలో, ఏ పిట్ట ఎక్కడ కనబడుతుందో, ఎవరికి చందా పంపాలో అందులో ఉంటుంది. మీ వెబ్‌సైట్లో చోటివ్వండి, మీ పత్రికలో అచ్చువేయండి. ఆగస్టు 20న మాట్లాడటానికి మనిషి కావాలంటే తెల్లవారుజామున అయినా వీడియోలో కూర్చుంటాను. ఇక్కడి పరిశోధకుల్లో ఇలాంటి సభలకు సంతోషంగా వచ్చేవాళ్లున్నారు, వాళ్ల మాటల్ని తెలుగులో చెప్పే పని నాది. వచ్చే ఆగస్టుకు ఇంకా వ్యవధి ఉంది. మీ కార్యవర్గ సమావేశంలో ఈ ఉత్తరం చదివి, ఏమనుకున్నారో రాయండి. కుదరదనుకున్నా సరే, ఆ మాటే రాయండి.

మౌయి దీవి నుంచి,
మీలో ఒక తెలుగు మనిషి